ఆ లక్ష పౌండ్లలో పాడినవాడికి ఎంత?

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత వినైల్ రికార్డుల గురించి పేపర్లలో ఎప్పుడు వార్త వచ్చినా ఒకటే వరస, ఫలానా రికార్డు ఇంత పలికింది, బంగారం కొన్నా ఇంత లాభం రాదు అని. నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతానికి చెందిన అరుదైన రికార్డుల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఫ్రాంక్ విల్సన్ 1965లో పాడిన 'డూ ఐ లవ్ యూ' సింగిల్ (ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు) 2009లో 25,742 పౌండ్లకు పోయిందనీ, 2020లో లక్ష పౌండ్లు పలికిందనీ అందరూ రాస్తారు. డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్ వాళ్ళు డెమో కాపీలు (విడుదలకు ముందు వినిపించడానికి వేసేవి) వేయించి, విడుదల మానుకుని, దాదాపు అన్నిటినీ పారేయించారు కాబట్టి అంత రేటట.

ఈ లెక్క నాకు మింగుడుపడదు. కాపీలు తక్కువైతే చాలు ధర వచ్చేస్తుందంటే, 1960ల్లో అమెరికాలో చిన్నచిన్న లేబుళ్ళు, అంటే రికార్డు కంపెనీలు, వేసి, అమ్ముడుపోక మూలనపడిన సింగిల్స్ లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఊరికే ఇచ్చినా పట్టుకెళ్ళేవాళ్ళు లేరు.

ధర తెచ్చింది డాన్స్ చేసినవాళ్ళు. మాంచెస్టర్‌లోని ట్విస్టెడ్ వీల్, 1973 నుంచి 1981 దాకా నడిచిన విగన్ కసీనో, ఇలాంటి డాన్స్ క్లబ్బులకి ఉత్తర ఇంగ్లండ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు, అమ్మాయిలు శనివారం రాత్రి చేరి తెల్లారేదాకా ఆడేవాళ్ళు. విగన్‌లో అయితే మందు కూడా అమ్మేవాళ్ళు కాదు. అప్పటికే అమెరికా ఫంక్ అనే వేరే తరహా సంగీతం వైపు వెళ్ళిపోయింది, వీళ్ళకేమో 60ల నాటి ఆ ఉరుకుల బీటే కావాలి, కొత్తగా ఎవరూ చేయడం లేదు కాబట్టి పాతవాటిలోనే ఎవరూ విననివి వెతుక్కోవాలి. అందుకే డీజేలు అమెరికా వెళ్ళి గోడౌన్లు గాలించారు. దొరికిన పాట ఏదో ఇంకో డీజేకి తెలియకూడదని రికార్డు మధ్యలో పేరుండే చోట కాగితం అంటించి, వేరే పేరు చెప్పి వేసేవాళ్ళు. ఫ్రాంక్ విల్సన్ పాట కూడా మొదట్లో ఎడ్డీ ఫోస్టర్ అనే ఇంకో గాయకుడి పేరుతోనే మోగింది. పాపం, హాలంతా ఊగిపోతోంది, పాడిందెవరో మాత్రం ఆ హాల్లో ఎవరికీ తెలియదు!

ఇక డబ్బు సంగతి. సెకండ్ హ్యాండ్ రికార్డు ఎన్ని చేతులు మారినా, ఎంత పలికినా, పాడినవాళ్ళకీ రాసినవాళ్ళకీ పైసా రాదు. అదే బ్రిటన్‌లో 2006 నుంచి, పెయింటింగ్‌ని గ్యాలరీయో వేలం సంస్థో తిరిగి అమ్మితే ధర ఒక స్థాయి దాటాక చిత్రకారుడికి వాటా ఇవ్వాలని చట్టం ఉంది. పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, రికార్డు కాపీలు కదా అంటారు. నిజమే, కానీ లక్ష పౌండ్లు పెడుతున్నది అది వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కాపీలే ఉన్న వస్తువు అనే కదా?

కలెక్టర్లను తిట్టడానికి రాయడం లేదు. వాళ్ళు దాచబట్టే ఈ పాటలు మిగిలాయి. నాకు చిరాకు తెప్పించేది ఒరిజినల్ ప్రెస్సింగ్ (అప్పట్లో మొదట వేసిన కాపీ) తప్ప ఇంకేదీ వేయకూడదు, కొనకూడదు అనే పట్టుదల. 70ల్లో ఎవరికీ రాయల్టీ కట్టకుండా గుద్దేసిన బూట్‌లెగ్‌ల మీద కోపం సమంజసమే, వాటికీ లైసెన్సు తీసుకుని మళ్ళీ వేసిన రీఇష్యూకీ మాత్రం తేడా చూడాలి. ఏస్ రికార్డ్స్ వాళ్ళ కెంట్ లేబుల్ 1980ల నుంచి ఈ పని చేస్తోంది, హక్కుదారులకు డబ్బు కట్టి, పాడిందెవరో, ఏ స్టూడియోలో చేశారో వివరంగా అచ్చువేసి మరీ. పైగా అప్పటి అమెరికన్ సింగిల్స్‌లో చాలా వినైల్ కూడా కావు, స్టైరీన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్. అది సూది రాపిడికి తొందరగా అరుగుతుంది. అంత పోసి కొన్నవాడు దాన్ని అస్తమానం వేసుకుని వినగలడా?

వినడానికే కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, పాతికేళ్ళ వాళ్ళు కూడా. మోటౌన్ హిట్లకు వాయించిన డెట్రాయిట్ వాద్యకారులే చాటుగా వేరే లేబుళ్ళకీ వాయించేవాళ్ళు కాబట్టి, ఆడకుండా పోయిన పాటల్లోనూ పనితనానికి లోటుండదు. ఈసారి వేలం వార్త వేసేటప్పుడు ధరతో పాటు పాడినవాళ్ళెవరు, వాయించినవాళ్ళెవరు, ఆ పాట లైసెన్సు ఉన్న రీఇష్యూగా దొరుకుతుందా అన్న మూడు ముక్కలు కూడా వేయండి.

– ఒక పాఠకుడు