మహిళా కమిషన్ అధ్యక్షురాలికి బహిరంగ లేఖ

మేడమ్ గారికి నమస్కారం.

మాది కడప. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, ఒక ప్రైవేటు కంపెనీలో సైబర్ ఇంటెలిజెన్స్ పని. బ్యాంకుల మీద ఎవరు దాడికి దిగబోతున్నారో ముందే పసిగట్టాలి. ఆరేళ్లు నైట్ షిఫ్టులు చేశాను. మొన్న టీమ్ లీడ్ పోస్టు అడిగితే మేనేజర్ నా స్కార్ఫ్ వైపు చూసి, "క్లయింట్‌కి టెన్షన్ ఎందుకమ్మా" అన్నాడు. ఆ క్లయింట్‌కి వెళ్లే రిపోర్టు రాసేది నేనే. కింద పేరు మాత్రం ఆయనది!

హెచ్ఆర్‌లో 2013 చట్టం కింద కమిటీ ఉందన్నారు. అది లైంగిక వేధింపులకే. రాజ్యాంగం 16వ అధికరణం మతం, లింగం పేరిట వివక్ష వద్దంటుంది, కానీ ప్రభుత్వ ఉద్యోగాల్లో. మరి మాలాంటివాళ్లు ఎవరికి చెప్పుకోవాలి?

ఎయిర్‌పోర్టు పక్కనే దేవనహళ్లి, టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు. ఆయన వంశంలోని నూర్ ఇనాయత్ ఖాన్ 1943లో బ్రిటన్ తరఫున రహస్యంగా ఫ్రాన్సులో దిగి వైర్‌లెస్ నడిపింది. ఈమె పనికిరాదని శిక్షణలోనే పెదవి విరిచినవాళ్లున్నారు. 1944 సెప్టెంబరులో నాజీలు ఆమెను జర్మనీలోని డాఖౌ నిర్బంధ శిబిరంలో చంపేశారు. 1949లో బ్రిటన్ ఆమెకు జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చింది. నాకు పతకాలేం వద్దు లెండి.

ప్రైవేటు కొలువులకూ వర్తించే చట్టం కోసం ప్రభుత్వానికి సిఫారసు చేయండి. నా అప్రైజల్ కాగితాలు సోమవారం మీ ఆఫీసులో ఇస్తాను. పేరు మాత్రం బయటపెట్టకండి, ఇంటి లోన్ ఇంకా తీరలేదు.

ఇట్లు,
ఒక ఉద్యోగిని