ఆచార్యుల ఖాళీలే ఖాళీలా?

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో ఖాళీల మీద వార్త రాని నెల ఉండదు. ఆచార్యులు ఎందరు తక్కువ, సహాయ ఆచార్యుల నోటిఫికేషన్ ఎప్పుడు అన్న దగ్గరే చర్చంతా తిరుగుతుంది. ల్యాబ్ టెక్నీషియన్లు, స్టోర్ కీపర్లు, గాజు పరికరాలు ఊది తయారుచేసేవాళ్లు ఎందరు మిగిలారో అడిగేవారు లేరు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేశాను కాబట్టి నేను అడుగుతున్నాను.

నేను చేరిన రోజుల్లో మా విభాగంలో సహాయక సిబ్బంది పదకొండు మందిమి. నా పదవీ విరమణ నాటికి మిగిలింది ఇద్దరు, అందులో ఒకరు ఔట్‌సోర్సింగ్. నా కుర్చీ ఇప్పటికీ ఖాళీయే. తాళాల గుత్తి ఎవరికి అప్పగించాలో తోచక ఒక పరిశోధక విద్యార్థి చేతిలో పెట్టారు.

మొన్న ఆ అబ్బాయిని చూద్దామని వెళ్లాను. అణువుల నిర్మాణం కనిపెట్టే ఎన్‌ఎంఆర్ యంత్రం గదిలో ద్రవ నైట్రోజన్ నింపుతున్నాడు. ఆ యంత్రంలోని అయస్కాంతం ఎప్పుడూ గడ్డకట్టే చలిలో ఉండాలి. వారం వారం నైట్రోజన్, కొన్ని నెలలకొకసారి హీలియం పోయాలి. హీలియం తగ్గిపోనిస్తే అయస్కాంతం ఒక్కసారిగా చల్లదనం కోల్పోతుంది, ఉన్న హీలియం కాస్తా ఆవిరై పోతుంది. మళ్లీ దాన్ని లేపడానికి లక్షలు కావాలి. ఇంత బాధ్యత మోస్తున్నవాడి చేతులకు సరైన తొడుగులు కూడా లేవు. పక్క గదిలో త్రాసు పెట్టె తెరిచి చూస్తే తేమ పీల్చడానికి పెట్టిన, నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగి ఉంది. తేమ పట్టిందన్నమాట. ఓవెన్‌లో పెట్టి ఆరబెడితే మళ్లీ నీలమవుతుంది. పెద్ద పనేమీ కాదు, కాకపోతే అది ఎవరి పనీ కాదు. ఆ త్రాసులో తూచిన తూకాలే రేపు సిద్ధాంత గ్రంథంలోకి ఎక్కుతాయి.

పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను కేంద్రం 2023లో నెలకు 31 వేల నుంచి 37 వేల రూపాయలకు పెంచింది. సంతోషమే. ఆ డబ్బు పరిశోధన చేయమని ఇస్తున్నది. ఈ అబ్బాయికి సగం రోజు టెక్నీషియన్ పనికే పోతోంది. ప్రాజెక్టు అసిస్టెంట్లను తీసుకుంటున్నాం కదా అంటారు. ఆ ప్రకటనలు నేనూ చదువుతాను. ‘పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతోనే ముగుస్తుంది, ఇంటర్వ్యూకు ప్రయాణ ఖర్చులు ఇవ్వబడవు’. వచ్చినవాడు యంత్రం తీరు తెలుసుకునేసరికి గడువు అయిపోతుంది. తర్వాత వచ్చినవాడు మళ్లీ బ్యూరెట్ పగలగొట్టడంతో మొదలుపెడతాడు. (నేనూ అలాగే మొదలుపెట్టాను, కానీ నన్ను తిట్టి నేర్పడానికి సీనియర్ ఒకాయన ఉండేవాడు.)

తెలంగాణలో విశ్వవిద్యాలయాల నియామకాలకు ఉమ్మడి నియామక బోర్డు పెట్టే బిల్లును 2022లో శాసనసభ ఆమోదించింది, అది అప్పట్లో గవర్నర్ వద్ద ఆగింది. నియామకాలు బోర్డు చేసినా, విశ్వవిద్యాలయమే చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఖాళీల జాబితా వేసినప్పుడు ఆచార్యుల పక్కనే విభాగాల వారీగా సహాయక పోస్టులూ వేయాలి, రెండూ కలిపి భర్తీ చేయాలి.

ఏ యంత్రం ఎప్పుడు మొరాయించింది, ఎలా దారికి తెచ్చాం అన్నది రాసుకున్న నోటు పుస్తకాలు నాలుగు నా దగ్గర ఉన్నాయి. కొత్తవాళ్లను వేస్తే సొంత ఖర్చుతో వచ్చి నెల రోజులు పని చూపించి వెళతాను.

– ఒక విశ్రాంత ల్యాబ్ అసిస్టెంటు, ఖమ్మం