తిరిగి రాని చిల్లర గురించి మీ సంస్థకు ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: నగదు బిల్లులను ఎప్పుడూ పైకే సవరించడం, చిన్న నాణేలను తీసుకోకపోవడం, చిల్లరకు బదులు కూపన్లు ఇవ్వడం గురించి ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

మీ దుకాణాల్లో నేను చాలాకాలంగా సరుకులు కొంటున్నాను, దాదాపు ఎప్పుడూ నగదుతోనే చెల్లిస్తున్నాను. కొంతకాలంగా మీ కౌంటర్ల దగ్గర చిల్లర లెక్క కొనేవాళ్లకు నష్టంగానే తేలుతోంది. ఇదే మాట కౌంటరులో చెప్పి చూశాను, శాఖ నిర్వాహకుడితోనూ మాట్లాడాను. ఇద్దరి దగ్గరా వచ్చిన సమాధానం ఒక్కటే: "అంత చిన్న మొత్తానికి ఎందుకండీ?" ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ లేఖ రాస్తున్నాను.

జతచేసిన రసీదులను ఒకసారి చూడండి. మొత్తం కింద, పన్ను వివరాలకు పైన, చిన్న అక్షరాలతో "సర్దుబాటు" అని ఒక వరుస ఉంటుంది. ఆ వరుసలో నేను చూసిన ప్రతి రసీదులోనూ కూడిక గుర్తే ఉంది గాని ఒక్కదానిలోనూ తీసివేత గుర్తు లేదు. బిల్లు చివరి అంకె 1 అయినా, 2 అయినా, 6 అయినా మీ యంత్రం దాన్ని పై అంకెకే చేరుస్తోంది. సర్దుబాటు అంటే కొన్నిసార్లు అటు, కొన్నిసార్లు ఇటు జరగాలి. ఎప్పుడూ ఒకే దిక్కుకు జరిగేదాన్ని ధర పెంపు అనడమే న్యాయం.

చిన్న నాణేల వల్ల మీకు ఇబ్బంది లేదని నేను అనడం లేదు, ఆ నాణేల మీద నాకు ప్రత్యేకమైన మమకారమూ లేదు. అవి జేబుకు బరువు, లెక్కకు ఆలస్యం. వెనుక వరుస పెరుగుతుంటే ఒక్కొక్క నాణెమే ఏరి లెక్కపెట్టే క్యాషియరు అవస్థ నాకు కనిపిస్తూనే ఉంది. వాటిని సంచుల్లో కట్టి బ్యాంకుకు చేర్చడానికీ, అక్కడి నుంచి మళ్లీ తెప్పించుకోవడానికీ మీకు ఖర్చు అవుతుందని కూడా తెలుసు. ముద్రించే ప్రభుత్వాలకే అవి గిట్టుబాటు కావడం లేదు. అమెరికాలో 2024 ఆర్థిక సంవత్సరంలో ఒక సెంటు నాణెం తయారై బయటికి రావడానికి 3.69 సెంట్లు ఖర్చయింది. చివరికి 2025 నవంబరులో ఫిలడెల్ఫియా టంకశాలలో, చలామణీ కోసం ముద్రించే చివరి సెంటు నాణేలను కొట్టి ఆ పని ఆపేశారు. కెనడా అంతకు చాలా ముందే, 2012లో, తన సెంటు నాణెం ముద్రణ మానుకుంది. ఆస్ట్రేలియా ఒకటి, రెండు సెంట్ల నాణేలను 1992లో చలామణీ నుంచి తీసివేయడం మొదలుపెట్టింది. భారతదేశంలో 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలు 2011 జూన్ 30 తర్వాత చెల్లుబాటు కాకుండా పోయాయి. కాబట్టి చిన్న నాణెం పోవాలని మీరు వాదిస్తే నేను మీతో గొడవ పడను. నా గొడవంతా అది పోయే తీరు మీదే.

ఎందుకంటే, నాణేన్ని పక్కన పెట్టిన దేశాలు దాని లెక్కను కూడా గాలికి వదిలేయలేదు. కెనడాలో 2013 ఫిబ్రవరిలో సెంట్ల పంపిణీ ఆగిపోయినప్పుడు ప్రభుత్వం వ్యాపారులకు సూచించిన పద్ధతి చాలా సులభమైనది: బిల్లు చివరి అంకె 1 లేదా 2 అయితే కిందికి 0కు, 3 లేదా 4 అయితే పైకి 5కు, 6 లేదా 7 అయితే కిందికి 5కు, 8 లేదా 9 అయితే పైకి 10కి చేర్చాలి. ఇది ఒక్కొక్క వస్తువు ధర మీద కాకుండా పన్నులతో కలిపిన తుది మొత్తం మీదే జరగాలి, అదీ నగదు చెల్లింపులకే. కార్డుతో చెల్లించేవాళ్లకు చివరి సెంటు దాకా లెక్క యథాతథంగా ఉంటుంది. ఫిన్లాండులో 2002 నుంచి, నెదర్లాండ్స్‌లో 2004 నుంచి, ఐర్లండులో 2015 నుంచి దాదాపు ఇదే పద్ధతి నడుస్తోంది. అక్కడ ఈ రోజు కొనేవారికి మిగిలింది రేపు అమ్మేవారికి మిగులుతుంది, ఎవరూ ఎవరికీ రుణపడరు. మీరు ఈ పద్ధతిలో పైకి చేర్చే సగం మాత్రమే తీసుకుని, కిందికి దించే సగాన్ని వదిలేశారు.

ఇందులో నాకు మరీ మింగుడుపడనిది మీరు ధరలు నిర్ణయించే తీరు. మీ అరల్లో ఏ వస్తువు చూసినా ధర చివర 99 కనిపిస్తుంది. ఆ చివరి ఒక్కటీ తగ్గించింది కొనేవారి కంటికి ధర తక్కువగా కనిపించడానికే అని అందరికీ తెలుసు. వ్యాపారంలో అది పాత ఎత్తే, దాన్ని నేను తప్పుపట్టను. కాని తగ్గించిన ఆ ఒక్కటిని కౌంటరు దగ్గర తిరిగి ఇవ్వడానికి మీ దగ్గర నాణెం లేనప్పుడు, ఆ ధర చీటీ మీద రాసినది మీరు తీసుకునే ధర కాదు. చిన్న నాణెం విలువ లేనిదని మీరు నిజంగా నమ్మితే ధరలన్నీ నిండు అంకెల్లోకి మార్చండి. చీటీ మీద దాని విలువ చూపించి అమ్మకాలు పెంచుకుంటూ, గల్లాపెట్టె దగ్గరకు రాగానే దానికి విలువ లేదనడం ఏ లెక్కకూ నిలవదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే వస్తువు కొనేవారికి ధర చివర 9 ఉంటే, పైన చెప్పిన న్యాయమైన పద్ధతిలో కూడా ప్రతిసారీ పైకే చేరుతుంది. మరిన్ని వస్తువులు కలిస్తేనే చివరి అంకె మారుతూ లెక్క సమమవుతుంది. అంటే ఒక్కొక్కటిగా, అవసరమైనప్పుడే కొనుక్కునేవాళ్ల మీదే ఈ భారం ఎక్కువగా పడుతుంది. సర్దుబాటు విధానాన్ని మార్చేటప్పుడు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇక స్వయంగా బిల్లు కట్టుకునే యంత్రాల విషయం. వాటిలో అతి చిన్న నాణెం వేస్తే లోపల ఒక్క క్షణం దొర్లి, కింద ఉన్న గిన్నెలో ఖంగుమని పడుతుంది. తెర మీద మొత్తం మాత్రం మారదు. అదే నాణేన్ని పక్కన ఉన్న మనిషికి ఇవ్వబోతే "యంత్రం తీసుకోనిది మేమూ తీసుకోమండీ" అన్నారు. సంచెడు నాణేలు తెచ్చి బల్ల మీద కుమ్మరించేవారిని ఆపే హక్కు మీకు ఉండాలని నేనూ ఒప్పుకుంటాను. చట్టాలు కూడా అందుకు తగ్గట్టే ఉన్నాయి. బ్రిటన్‌లో ఒకటి, రెండు పెన్నీల నాణేలు 20 పెన్నీల వరకే చట్టబద్ధమైన చెల్లింపు కింద లెక్కకు వస్తాయి. యూరో దేశాల్లో ఒక్క చెల్లింపులో 50కి మించి నాణేలు తీసుకోవాలని ఎవరినీ బలవంతం చేయడానికి లేదు. కాని నేను ఇచ్చింది సంచెడు కాదు, బిల్లు సరిగ్గా సరిపోవడానికి కావలసిన రెండు మూడు నాణేలు మాత్రమే. చిల్లర లేదని చెప్పే సంస్థే తన చేతికి వస్తున్న చిల్లరను వెనక్కి నెట్టడం ఎలా అర్థం చేసుకోవాలో మీరే చెప్పాలి.

మీరు చిల్లరకు బదులు ఇస్తున్న కూపను సంగతి వేరే చెప్పాలి. ప్రభుత్వ నాణేలకు కొరత వచ్చినప్పుడు వ్యాపారులు సొంత చెల్లింపు సాధనాలు పుట్టించడం కొత్తేమీ కాదు. 1970లలో ఇటలీలో నాణేలు దొరక్క బ్యాంకులు చిన్న చిన్న చెక్కులు అచ్చువేసి చిల్లరగా తిప్పాయి. అంతకు చాలా ముందు, ఇంగ్లండు టంకశాల రాగి నాణేలు సరిపడా ముద్రించకుండా వదిలేసిన రోజుల్లో, వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపంలో పారిస్ అనే కొండ మీది రాగి గనుల కంపెనీ 1787 నుంచి సొంత రాగి బిళ్లలు కొట్టించి కూలీలకు ఇచ్చింది. ప్రభుత్వం 1797లో మాథ్యూ బౌల్టన్ అనే తయారీదారు చేత మంచి రాగి పెన్నీలు ముద్రింపజేసింది, 1817లో చట్టం చేసి ప్రైవేటు బిళ్లలను నిషేధించింది. అయితే ఆ గనుల కంపెనీ బిళ్ల అంచున, అడిగిన వెంటనే లండన్‌లో గాని, లివర్‌పూల్‌లో గాని, ఆంగ్లెసీలో గాని సొమ్ము చెల్లిస్తామనే హామీ చెక్కి ఉండేది. మీ కూపను వెనుక ఏముందో చదివాను: నగదుగా మార్చరు, నెల దాటితే చెల్లదు, వచ్చే కొనుగోలులోనే వాడుకోవాలి, ఒక బిల్లుకు ఒక్కటే. రెండు శతాబ్దాల కిందటి గనుల యజమాని తన కూలీలకు ఇచ్చినపాటి మాట కూడా మీరు మీ వినియోగదారులకు ఇవ్వడం లేదు. నాకు రావలసిన సొమ్మును నా అనుమతి లేకుండా, గడువు పెట్టి, మీ దగ్గరే ఖర్చు చేయాలన్న షరతుతో నిలిపి ఉంచుకోవడాన్ని నేను చిల్లర ఇచ్చినట్టుగా భావించలేను.

"అంత చిన్న మొత్తానికి ఎందుకు" అన్న మాటకు తిరిగి వస్తాను. ఒక బిల్లులో అది చిన్నదే. అయితే ఆ చిన్నదనం ఇద్దరికీ సమానం కాదు. నాకు అది ఒక్క నాణెం. మీకు మాత్రం అది ప్రతి కౌంటరులో, ప్రతి నగదు బిల్లు మీద చేరే మొత్తం. రాత్రి దుకాణం మూసే ముందు మీ సిబ్బంది గల్లాపెట్టెలోని నగదును బిల్లుల మొత్తంతో సరిచూస్తారు కదా, అప్పుడు ఈ సర్దుబాటు మీ ఖాతాల్లో ఏదో ఒక పేరుతో రాయక తప్పదు. అది ఏ పద్దు కింద చేరుతోంది, దాని మీద పన్ను చెల్లిస్తున్నారా, లేదా? ఈ ప్రశ్న అడిగే హక్కు ఆ సొమ్ము ఇచ్చినవాళ్లకు ఉంది. అది నిజంగా పట్టించుకోనక్కరలేనంత చిన్నదైతే, మీరే వదులుకుని ప్రతి బిల్లునూ కిందికి సవరించవచ్చు. దానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

పైగా అందరి చేతిలోనూ కార్డు ఉండదు, ఉన్నవాళ్లకు కూడా యంత్రం ఎప్పుడూ పలకదు. చేతిలో ఉన్నది లెక్కపెట్టుకుని, అంతకే సరిపోయేలా సరుకులు ఏరుకుని వచ్చే మనిషికి చివరి నాణెం విలువ మీకూ నాకూ తెలిసినదానికన్నా ఎక్కువ. నా ముందు నిలబడిన ఒక పెద్దాయన దగ్గర సర్దుబాటుతో పెరిగిన ఆ కాస్తకు చిల్లర లేక, ఒక వస్తువును పక్కన పెట్టేసి వెళ్లడం నేను చూశాను. ఆయన దగ్గర చీటీ మీద ఉన్న ధరకు సరిపడా డబ్బు ఉంది.

అందువల్ల నేను కోరేది ఇదీ. నగదు బిల్లుల సవరణ తుది మొత్తం మీద మాత్రమే, పైకీ కిందికీ సమానంగా జరిగేలా మీ యంత్రాలను మార్చండి. ఆ నియమాన్ని రసీదు మీద కాకుండా, కౌంటరుకు రాకముందే కనిపించేచోట రాసి పెట్టండి. అది వీలుకాదంటే ధరల చివర 99 తీసివేసి, చిల్లర అవసరమే రాని అంకెలు పెట్టండి. ఒక బిల్లుకు ఇన్ని నాణేల వరకు తీసుకుంటామని హద్దు పెట్టుకోండి గాని, చట్టం చెల్లుతుందన్న నాణేన్ని అసలే వద్దనకండి. కూపను అనేది అడిగినవాళ్లకే ఇవ్వండి. జతచేసిన రసీదుల్లో సర్దుబాటు పేరుతో అదనంగా తీసుకున్న మొత్తాన్ని నాకు తిరిగి చెల్లించండి. గడువు తీరిన రెండు కూపన్లను కూడా పంపుతున్నాను, వాటి విలువను అందులో కలపండి.

లేఖ అందిన పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వగలరని ఆశిస్తున్నాను. ఆలోగా రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల ఫిర్యాదుల విభాగాన్ని ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు

జతపరచినవి: రసీదుల నకళ్లు, గడువు తీరిన రెండు కూపన్లు.