కుండ శిల్పాల విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కుండలకు మొలకెత్తిన కొబ్బరికాయ, ఎండి విచ్చిన తామరకాయ, పండిన తాటికాయ ఆధారం. ఒక రూపం ఇంకో రూపంగా మారుతున్న దశను కుండ గోడలోనే చూపాలన్నది మనం పెట్టుకున్న నియమం. ఊహకు కొదవ రాలేదు. చిక్కంతా మట్టి దగ్గరే వచ్చింది కాబట్టి నివేదికలో ఎక్కువ చోటు దానికే.

వేసవిలో ధవళేశ్వరం నుంచి నీరు ఆపి కాలువలు కట్టేశాక తీసిన ఒండ్రు జిగటగా ఉండి చేతికి బాగా లొంగుతుంది. కానీ అందులో నత్తగుల్లల ముక్కలుంటాయి. కుండలు కాల్చే ఆవం సెగకు అవి సున్నమై, తర్వాత గాలిలో తేమ తాగి ఉబ్బి, పైపొరను పెచ్చులుగా ఊడగొడతాయి. కాల్చిన రోజు నున్నగా ఉన్న కుండ వారం తిరిగేసరికి గుంటలు పడేది అందుకే. మట్టిని నీళ్లలో పలచగా కలిపి 60 నంబరు (అంగుళానికి 60 కన్నాలుండే) జల్లెడలో వడగట్టడం ఇకపై తప్పనిసరి. జల్లెడకు చిన్న చిరుగున్నా పని వృథా. ముందు వెలుతురుకు పట్టి చూడండి.

తామరకాయ కుండల పగుళ్లు దాదాపు అన్నీ అతుకుల దగ్గరే. గోడకు అతికిన పలచని మట్టి రేకు ముందే ఆరి కుదించుకుపోతుంది, మందపు గోడ ఇంకా తడిగానే ఉంటుంది. గోడ 10–12 మిల్లీమీటర్లుంటే రేకు 6కు తగ్గకూడదు. 10 పాళ్ల పొడి మట్టికి 2 పాళ్లు పాత గూనపెంకుల పొడి కలపాలి. అంచులకు పాలిథిన్ కప్పి, అడుగున ఇసుక పరిచి ఆరబెట్టాలి. ఇసుక మీద అడుగు జరుగుతుంది, చీలదు. ప్రతి తడవ మట్టితో ఒక బద్ద చేసి 10 సెంటీమీటర్ల గీత గీయండి. కాల్చాక 9 మిగిలితే నూటికి 10 కుదించుకున్నట్టు. పక్క ఊరి కాలువ లెక్క మన మట్టికి పనికిరాదు. వానాకాలంలో పైకి ఆరినట్టున్న కుండను బుగ్గకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే.

కాల్చేటప్పుడు 100 డిగ్రీలు దాటేదాకా సెగ నిదానంగా పెంచాలి, లేకపోతే ఆవిరికి కుండ పేలుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. ఆవం తొందరపడి తెరవొద్దని ఇన్నిసార్లు చెప్పేది ఇందుకే.

బాగా కుదిరింది తాటిపండు కుండే. సెగ బాగా ఎక్కాక ఊక పోసి, కంతలన్నీ బురదతో మూసేస్తే గాలి అందక మట్టిలోని ఇనుము నల్లబడుతుంది, పొగమసి కూడా లోపలికి పడుతుంది. ఒక పక్క కంత కావాలని వదిలితే అటువైపు ఎర్రగా ఉండిపోతుంది. ఎరుపు ఎంత మేర పాకుతుందో మాత్రం మన చేతిలో లేదు. నిజానికి కుండకు అందం తెచ్చింది అదే.

ఈ శిల్పాల్లో నీళ్లు నిలవ ఉంచొద్దని కొనేవాళ్లకు చెప్పండి. చెమర్చి బల్ల పాడవుతుంది. జమాఖర్చులు విడిగా జతచేశాం. వచ్చే వేసవికి మట్టి తీత కాలువలు కట్టేసిన మొదటి వారంలోనే ఉంటుంది. గోతాలు ఎవరివి వారే తెచ్చుకోవాలి.