నాన్న గెలిచిన కేసు, తమ్ముడి ఫోన్లో ఉన్న నంబరు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా,

ఈ ఉత్తరం ఒక వెబ్ సిరీస్‌తో మొదలుపెడుతున్నాను. న్యాయశాఖకు దానితో ఏం పని అనుకోకండి. మా ఇంట్లో ఈ మాట పుట్టింది దాన్ని చూస్తున్నప్పుడే.

2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో 'రానా నాయుడు' వచ్చింది. అమెరికాలో 2013 నుంచి 2020 దాకా ఏడు సీజన్లు నడిచిన 'రే డోనవన్' ఆధారంగా మనవాళ్లు హిందీలో తీసి, తెలుగులోకీ డబ్ చేశారు. బయట బాబాయ్, అబ్బాయ్ అయిన వెంకటేష్, రానా అందులో తండ్రీకొడుకులు. వెంకటేష్ సినిమా అంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే అలవాటు మనది కాబట్టి, మొదటి సీజన్‌లో బూతులు విని చాలామంది ఇళ్లలో టీవీ కట్టేశారు. ఊళ్లో ఎక్కడ విన్నా ఆ బూతుల గొడవే. 2025 జూన్ 13న రెండో సీజన్ వచ్చినప్పుడు కూడా ముందు అదే అడిగారు, ఈసారి తగ్గించారా లేదా అని.

రానా చేసే పని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ముంబైలో సినిమావాళ్లకూ డబ్బున్నవాళ్లకూ ఏదైనా చిక్కు వస్తే అతనికి ఫోన్ చేస్తారు. అతను వెళ్తాడు. బెదిరిస్తాడు, కొడతాడు, అవసరమైతే ఇంకా ముందుకు వెళ్తాడు. తెల్లారేసరికి చిక్కు ఉండదు. పోలీసు, కోర్టు, వకీలు, వాయిదా ఏమీ ఉండవు.

మొదటి సీజన్ చూస్తున్న రాత్రి మా తమ్ముడు రిమోట్ పక్కన పెట్టి ఒక మాటన్నాడు. "అక్కా, మనకూ ఇలాంటివాడు ఒకడు ఉంటే నాన్న స్థలం ఎప్పుడో వచ్చేది."

వాడు రౌడీ కాదండీ. సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తాడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. అలాంటివాడి నోట ఆ మాట వచ్చేదాకా ఏం జరిగిందో మీకు చెప్పాలి.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్. 2003లో పీఎఫ్ లోను పెట్టి మా పట్టణం శివార్లో 180 గజాల స్థలం కొన్నారు. రిజిస్ట్రేషన్ రోజు ఇంటికి కేజీ కాజాలు తెచ్చారు. 2009లో నాన్నకు గుండె ఆపరేషన్ అయి మేమంతా ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న రెండు నెలల్లో, పక్క స్థలం ఆయన మా సరిహద్దు రాళ్లు పీకేసి రేకుల షెడ్డు వేశాడు. అడిగితే కాగితాలు తెచ్చుకోమన్నాడు. పోలీసుల దగ్గరకు వెళ్తే ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పొండి అన్నారు. వెళ్లాం. దావా వేసింది 2009లో. 2016లో డిక్రీ వచ్చింది, స్థలం మాదే, ఖాళీ చేసి అప్పగించాలని. అవతలివాళ్లు అప్పీలుకు వెళ్తే 2019లో అదీ కొట్టేశారు. మేం గెలిచాం. నాన్న ఆ కాపీ మీద పసుపు బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టుకున్నారు.

అక్కడి నుంచి కథ మళ్లీ మొదలైంది. మీ శాఖవారికి తెలియనిది కాదు గానీ, మామూలు జనానికి తెలియదు. డిక్రీ అంటే స్థలం కాదు, కాగితం. ఆ కాగితాన్ని స్థలంగా మార్చడానికి ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్, వేరే వేయాలి. దానికి వేరే నంబరు, వేరే ఫీజు, వేరే వాయిదాలు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశానికి ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ 1872లోనే చెప్పిందట, ఈ దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని. మా వకీలు గారు ఆ మాట చెప్పినప్పుడు నాన్న, "నూట యాభై ఏళ్ల నుంచీ తెలిసి కూడా ఇంతేనా బాబూ?" అన్నారు. ఆయన దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉంటుందని ఈ ఉత్తరం.

2021లో ఒక రోజు కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి, అమీన్ గారు, స్థలం అప్పగించమనే డెలివరీ వారెంటు పట్టుకుని స్థలం దగ్గరకు వచ్చారు. వెంట ఒక్క మనిషి, చేతిలో ఫైలు, చంకలో గొడుగు. షెడ్డుకు తాళం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21లో 35వ రూలు ప్రకారం హెచ్చరించి తాళం పగలగొట్టే అధికారం ఆయనకు ఉంది. కానీ షెడ్డు ముందు ఎనిమిది మంది కూర్చున్నారు. ఒక ముసలావిడ గడపకు అడ్డంగా పడుకుంది. అమీన్ గారు చెమట తుడుచుకుంటూ ఆ తాళాన్ని రెండుసార్లు చేత్తో పట్టుకుని కదిపి చూశారు. తర్వాత ఫైలు తెరిచి, నిలబడే, 'అడ్డగించినందున అప్పగించలేకపోతిని' అని రాసుకుని వెళ్లిపోయారు. నాన్న ఎండలో స్కూటర్‌ మీద చెయ్యి వేసి అలాగే నిలబడి చూశారు. అమీన్ గారి మీద మాకు కోపం లేదండీ. ఒక్క మనిషిని గొడుగుతో పంపి ఎనిమిది మందిని లేపమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

పోలీస్ ఎయిడ్, అంటే అమీన్‌కు తోడుగా పోలీసుల్ని పంపమని పిటిషన్ వేశాం. ఈలోగా అవతలివాళ్లు షెడ్డును ఎవరికో అద్దెకిచ్చినట్టు చూపించి, ఆ అద్దెదారుతో అడ్డు పిటిషన్ వేయించారు. 2022లో నాన్న పోయారు. వారసులుగా మా పేర్లు ఎక్కించడానికి ఏడాది దాటింది. పోలీస్ ఎయిడ్ ఆర్డరు వచ్చాక స్టేషన్‌లో ఒకసారి బందోబస్తు డ్యూటీ అన్నారు, ఒకసారి ఎలక్షన్లు అన్నారు.

అప్పుడు వచ్చాడు అతను.

ముందు ఫోన్ చేశాడు, చాలా మర్యాదగా. "అమ్మా, మీ నాన్నగారు నాకు తెలుసమ్మా, ఆయన బస్సులో కాలేజీకి వెళ్లినవాణ్ణి" అన్నాడు. మర్నాడు తెల్ల కారులో ఇంటికి వచ్చాడు. చెప్పులు బయటే విప్పాడు, నాన్న ఫొటోకు దండం పెట్టాడు, టీ తాగాడు. గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. స్థలం విలువలో మూడో వంతు ఇస్తే వారం రోజుల్లో షెడ్డు ఉండదన్నాడు. ఎలా అని అడిగితే, "అది మీకెందుకమ్మా, మీరు ఆడపిల్లలు, టెన్షన్ పెట్టుకోకండి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ తమ్ముడి ఫోన్లో తన నంబరు తనే సేవ్ చేసి వెళ్లాడు.

మంత్రి గారూ, ఆ రాత్రి మా అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురం లెక్కలు వేశాం. సిగ్గుగా ఉన్నా చెప్తున్నాను. పద్నాలుగేళ్లలో వకీలు ఫీజులు, కాపీ ఖర్చులు, రానుపోను, నాన్న పోగొట్టుకున్న డ్యూటీలు అన్నీ కలిపితే, అతను అడిగిన మూడో వంతుకు పెద్ద దూరంలో లేవు. ఇంకొక్కడుగు వేసేవాళ్లమే. ఆపింది ఏమిటంటే, నాలుగు రోజుల తర్వాత మా వీధి చివర కిరాణా కొట్టాయన ఒక సంగతి చెప్పాడు. ఆ తెల్ల కారు అంతకు ముందు వారం అవతలివాళ్ల ఇంటి ముందు కూడా ఆగిందట. అక్కడ చెప్పిన రేటు వేరు, చెప్పిన పని వేరు. మమ్మల్ని ఈపీ వదులుకునేలా చేయడం.

సిరీస్‌లో ఒక సంగతి మాత్రం నిజంగానే నిజం. రానాకు ఫోన్ చేసేవాళ్లందరూ డబ్బున్నవాళ్లే. కండక్టర్ కూతురు అందులో క్లయింటు కాదు. అందరి చిక్కులూ తీర్చే ఆ మనిషి, పదిహేనేళ్ల జైలు తర్వాత తండ్రి తిరిగొచ్చేసరికి సొంత ఇల్లు నిలబెట్టుకోలేక తన్నుకులాడతాడు. ఆ సంగతి మా తమ్ముడికి రాత్రంతా చెప్పాను. వాడు విని, "అదంతా సరే అక్కా, మరి మన స్థలం?" అన్నాడు.

పక్క రాష్ట్రంలో గ్యాంగ్‌స్టర్ నయీం సంగతి మీకు తెలిసిందే. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాక గానీ, భయంతో భూములు రాసిచ్చినవాళ్లు ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) ముందుకు వచ్చి నోరు విప్పలేదు. అంతదాకా ఊళ్లలో దాన్ని సెటిల్‌మెంట్ అనే పిలిచారు. ఎంత మంచి మాట అది! లోక్ అదాలత్‌లో ఇద్దరూ కూర్చుని రాజీపడి సంతకం పెడితే, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం దానికి డిక్రీతో సమానమైన విలువ ఉంది, అప్పీలు కూడా ఉండదు. సెటిల్‌మెంట్ అంటే అది గుర్తుకు రావాలి. మా ఊళ్లో ఆ మాట వింటే తెల్ల కారు గుర్తొస్తోంది.

చట్టాలు లేవని నేను అనడం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరాల్లో బలవంతపు వసూళ్లు, భూ కబ్జా, కిరాయి హత్యలు పేరుపెట్టి చేర్చింది. అయితే ఆ సెక్షన్ పెట్టాలంటే అలాంటి నేరాల మీద గత పదేళ్లలో ఒకటికి మించి ఛార్జిషీట్లు ఉండాలి. ప్రతి ఫిర్యాదునూ సివిల్ మ్యాటర్ అని గుమ్మంలోనే తిప్పి పంపితే, మొదటి ఛార్జిషీటు ఎక్కడి నుంచి వస్తుంది?

సుప్రీంకోర్టు కూడా చెప్పవలసింది చెప్పింది. 2021 ఏప్రిల్‌లో ఒక బెంగళూరు ఆస్తి కేసులో, ఈపీ వేసిన ఆరు నెలల్లోగా తేల్చాలని, తేల్చలేకపోతే కారణాలు రాయాలని ఆదేశించింది. 2025 మార్చిలో తమిళనాడు కేసు ఒకటి, 1980 నాటి అమ్మకం ఒప్పందం మీద నడిచినది, ముందుకు వస్తే మళ్లీ అదే మాట చెప్పి, హైకోర్టులన్నిటినీ లెక్కలు అడిగింది. ఆ అక్టోబరుకు తేలింది, దేశంలో 8.82 లక్షల ఈపీలు పెండింగ్‌లో ఉన్నాయని. అందులో మన ఆంధ్రప్రదేశ్‌వి 68 వేలు దాటాయి. గెలిచి కూడా తలుపు బయట నిలబడ్డ కుటుంబాలు అవన్నీ. ఆ తెల్ల కారు ఆగడానికి అన్ని గుమ్మాలు ఉన్నాయన్నమాట.

జడ్జీలు హైకోర్టు కింద ఉంటారు, తీర్పుల్లో ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదు. అది నాకు తెలుసు, మీరు జోక్యం చేసుకోవాలని అడగను. అయితే కింది కోర్టుల్లో పోస్టులు మంజూరు చేసేదీ, జీతాలకు డబ్బులిచ్చేదీ ప్రభుత్వమే. అమీన్లు, కోర్టు నోటీసులు అందించే ప్రాసెస్ సర్వర్ల ఖాళీలు నింపండి. వారెంటు అమలుకు వెళ్లే మనిషికి ఒక జీపు, ఒక వీడియో కెమెరా, ఇద్దరు మనుషులు తోడివ్వండి. హోంమంత్రి గారితో మాట్లాడి, పోలీస్ ఎయిడ్ ఆర్డరు వచ్చిన తేదీకి స్టేషన్ మనుషుల్ని పంపలేకపోతే ఎందుకు పంపలేదో ఎస్సై రాతపూర్వకంగా కోర్టుకు చెప్పేలా చేయండి. నోటితో "ఇవాళ బందోబస్తు" అంటే సరిపోతున్నన్నాళ్లూ మా తేదీ ఎప్పుడూ బందోబస్తు రోజునే పడుతుంది.

ఇంకొకటి. ఐదేళ్లు దాటిన ఈపీలు ఏ జిల్లాలో ఎన్ని ఉన్నాయో మూడు నెలలకోసారి ప్రజలకు తెలిసేలా పెట్టమని హైకోర్టును మీ శాఖ తరఫున కోరండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

సిరీస్‌లను ఆపమని నేను అడగడం లేదు. పెద్దలకు మాత్రమే అని రాసి ఉంది, పెద్దవాళ్లం చూశాం. బాగా తీశారు కూడా. నన్ను భయపెట్టింది తెర మీద నెత్తురు కాదు. అది చూస్తున్నప్పుడు నా పక్కన కూర్చున్న మెతక పిల్లాడి మొహంలో కనిపించిన ఆశ.

వచ్చే నెల మా ఈపీ మళ్లీ వాయిదా ఉంది. అద్దెదారు వేసిన అడ్డు పిటిషన్ మీద ఆర్డరు వస్తుందంటున్నారు. తమ్ముడు ఆ రోజు సెలవు పెట్టాడు. ఆ తెల్ల కారు మనిషి నంబరు ఫోన్లోంచి తీసేయమని చెప్పాను. వాయిదా అయ్యాక తీసేస్తాను అక్కా అన్నాడు.

ఇట్లు,
నాన్న పోయాక ఈపీలో రెండో డిక్రీదారుగా చేరిన కూతురు
గోదావరి జిల్లాల నుంచి