వేదిక మీద చెప్పిందల్లా చరిత్రేనా?

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ తిరుపతి జిల్లా పేజీలో పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ సంస్మరణ సభ వార్త చదివాను. మర్నాడు మీరే సవరణ వేస్తారు కదా అని ఆగాను. వేయలేదు. వారం చూశాను. ఇక నాకే తప్పలేదు.

వక్త గారు నయ్యర్‌ను ‘నెహ్రూ కార్యదర్శి’ అన్నారట. ‘ఇరవై ఒక్క నెలలూ జైల్లో మగ్గారు’ అన్నారట. ‘బ్రిటన్‌లో మన రాయబారి’ అని కూడా అన్నారట. ఒక్క వార్తలో మూడు! మైకు దొరికాక వక్తలు ఊరుకోరు, అది మనకు అలవాటే. మీ విలేకరి విన్నది విన్నట్టు రాసుకున్నాడు, సరే. డెస్కులో ఒక్కరికీ అనుమానం రాలేదా?

నయ్యర్ సమాచార అధికారిగా పనిచేసింది హోంమంత్రి గోవింద వల్లభ పంత్ దగ్గర, ఆ తరవాత లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర. విచారణ లేకుండా జైల్లో పెట్టే మీసా చట్టం కింద ఆయన్ని పట్టుకెళ్లింది 1975 జులైలో. భార్య హైకోర్టుకెక్కారు, సెప్టెంబరులో వదిలిపెట్టారు. ఇరవై ఒక్క నెలలు సాగింది ఎమర్జెన్సీ, ఆయన జైలు కాదు. ఇక బ్రిటన్‌కు మనం పంపేది హైకమిషనర్‌ను. 1990లో ఆయన వెళ్లింది ఆ హోదాలోనే. చాదస్తం అంటారా, అనండి. ముప్పై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి ఇది.

అసలు బాధ ఈ తప్పులు కూడా కాదు. వార్తంతా జైలు గురించే. మనిషి చేసిన పని గురించి రెండు ముక్కలు కూడా లేవు.

సియాల్‌కోట్‌లో పుట్టి, లాహోర్‌లో లా చదివి, విభజనలో అన్నీ వదిలేసుకుని ఢిల్లీ చేరినవాడు. తొలి ఉద్యోగం ‘అంజామ్’ అనే ఉర్దూ పత్రికలో. అంజామ్ అంటే ముగింపు. అలా ముగింపుతో మొదలుపెట్టి 2018లో పోయేదాకా రాస్తూనే ఉన్నారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో శాస్త్రి చనిపోయిన రాత్రి అక్కడే ఉన్నారు. దేశాన్ని రెండు ముక్కలు చేసే గీత గీసిన రాడ్‌క్లిఫ్‌ను లండన్‌లో కలిసి, లాహోర్ సంగతి ఏమిటని అడిగారు. ముందు లాహోర్‌ను భారత్‌కే ఇద్దామనుకున్నానని, అలా చేస్తే పాకిస్తాన్‌కు పెద్ద నగరమే మిగలదని మనసు మార్చుకున్నానని ఆయన చెప్పినట్టు నయ్యర్ రాశారు.

నాకు ఇంకా నచ్చేది మొరార్జీ సంగతి. 1964లో నెహ్రూ పోయిన వెంటనే, మొరార్జీ దేశాయ్ ప్రధాని పదవికి పోటీలో ఉన్నారని యూఎన్ఐ వార్తా సంస్థలో నయ్యర్ వార్త ఇచ్చారు. చితి ఆరకముందే కుర్చీ అడిగినట్టయింది. అది శాస్త్రికి కలిసొచ్చింది, అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్ కృతజ్ఞతలు కూడా చెప్పారట. దీన్ని బయటపెట్టింది ఎవరో గిట్టనివాళ్లు కాదు, నయ్యరే. తన వార్త వల్ల ఒకరికి నష్టం జరిగిందని తానే రాసుకున్న విలేకరిని ఈ మధ్య ఎక్కడైనా చూశారా? ఇప్పుడు యూట్యూబ్ పెడితే చాలు, నిన్న పుట్టినవాడు కూడా శాస్త్రి ఎలా పోయాడో పక్కనే ఉండి చూసినట్టు చెబుతాడు.

మన సంగతికొస్తే మరీ ఘోరం. 1960 ఏప్రిల్ 1న, రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదాపై వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం మన చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసుకు పోయింది, అటునుంచి సత్యవేడు వైపు ఊళ్లు మనకొచ్చాయి. ఇప్పటికీ ఆడికృత్తికకు మనవాళ్లు కావడి మోసుకుని అక్కడికే వెళ్తారు. ఆనాడు ఆ ఊళ్లలో ఏం జరిగిందో అడిగి రాసుకుందామని మన విలేకరుల్లో ఎవరైనా బయల్దేరారా? 1977లో ఉత్తరాది అంతా ఇందిరను ఓడిస్తే, మన రాష్ట్రంలో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే పడ్డాయి. నంద్యాలలో సంజీవరెడ్డి ఒక్కరే ఎదురు నిలిచి గెలిచారు. ఎందుకలా ఓటేశారో చెప్పగలిగిన పెద్దలు ఏడాదికి కొందరు చొప్పున వెళ్లిపోతున్నారు. మీ జిల్లా పేజీలకేమో ఎమ్మెల్యే గారి పుట్టినరోజు కేకు తప్ప వేరే పని లేదు. 2022లో మన పాత చిత్తూరు జిల్లానే మూడు ముక్కలు చేశారు. దాని వెనక కథ అయినా రాస్తారా, అదీ పోనిస్తారా?

నయ్యర్ ఆత్మకథ కోసం మా ఊరి గ్రంథాలయానికి వెళ్లాను. పుస్తకాలు మూటలు కట్టి ఉన్నాయి. బీరువా తాళం ఉన్నాయన సెలవు. కొత్త పుస్తకాలకు డబ్బుల్లేవన్నారు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మాత్రం ఏటా ఠంచనుగా కట్టించుకుంటారు. ఆ డబ్బు ఏ గదిలో ఆగిపోతోందో మీ విలేకరిని పంపి కనుక్కోండి. అదీ వార్తే.

చివరగా ఒక మనవి. సవరణ వేస్తే ఆ వార్త వచ్చిన జిల్లా పేజీలోనే వేయండి. ‘పాసు పుస్తకం పోయినది’ ప్రకటనల కింద వద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి.