ఆదివారం పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు తెచ్చివ్వండి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 10 నుంచి 12 వరకు సెల్లార్‌లో వాచ్‌మన్ గది పక్కన ప్రమాదకర చెత్త తీసుకుంటాం. పాడైన ఫోన్లు, ఛార్జర్లు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు తేవచ్చు. వీటిని కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన రీసైక్లర్‌కే ఇస్తాం, రసీదు ఇక్కడే పెడతాం.

ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది. దయచేసి మామూలు చెత్తతో కలిపి స్వచ్ఛ ఆటోలో వేయకండి. ఆ చెత్తను చేతులతో వేరు చేసే అక్కలు, అన్నలే ముందు దాన్ని పీలుస్తారు. ఇంట్లో పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, ముక్కల్ని అట్టతో ఎత్తి మూతున్న డబ్బాలో వేయండి. చీపురుతో ఊడిస్తే ఇంకా వ్యాపిస్తుంది. ఉబ్బిన ఫోన్ బ్యాటరీలకు నిప్పంటుకోవచ్చు, గుచ్చకండి. వాటి కొనలకు టేపు అంటించి విడిగా తెండి. వైర్లను రాగి కోసం కాల్చేవాళ్లకు అమ్మొద్దు, ఆ పొగ చాలా విషం.

మన పక్కనే పటాన్‌చెరు ఉంది. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి పొలాలు, బోర్లు పాడైతే, 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డాక్టర్ కిషన్‌రావు గారిలాంటి వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. నీళ్లు ఒకసారి చెడితే బాగుపడటానికి తరాలు పడుతుందని నా భయం.

పెద్దవాళ్లు కిందికి రాలేకపోతే ఫ్లాట్ నంబర్ పెట్టండి, పిల్లలతో కలిసి మేమే వచ్చి తీసుకెళ్తాం. బరువైన పాత టీవీలుంటే శనివారం లోపే చెప్పండి, బండి మాట్లాడాలి.